గుంత క్యాసెట్టు మీద మా అభిప్రాయాలు

పోయిన నెల పామిడి నుంచి మస్తానన్న ఫోన్ చేశాడు. కొట్టు ఖాళీ చేస్తున్నానని, అక్కడ అల్లుడు తాగునీళ్ల ప్లాంటు పెడుతున్నాడని, నాకు సంబంధించిన వస్తువొకటి మిగిలిపోయిందని, వచ్చి తీసుకోకపోతే పాత కాగితాలవాడికి వేసేస్తానని చెప్పాడు. ఏం వస్తువని అడిగితే నా అభిప్రాయాలేనన్నాడు. నాకు యాభై దగ్గరపడుతోంది. ఈపాటికి నా అభిప్రాయాల్లో చాలావాటిని నేనే వదిలించుకున్నాను. వాటిని ఇంకొకరు భద్రంగా దాచారంటే ఎవరికైనా కొంచెం భయం వేస్తుంది. మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కాను.

మస్తానన్నది మెయిన్ రోడ్డు మీద క్యాసెట్లు రికార్డు చేసే కొట్టు. మా ఊరు గార్లదిన్నె మండలంలో పామిడి వైపు అంచున ఉంటుంది కనక మాకు సినిమాకైనా సైకిలు బెల్లుకైనా పామిడే దిక్కు. అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో సెలవు దొరికితే నేను ఆ కొట్లోనే ఉండేవాణ్ణి. మిషన్ల హెడ్డు తుడిచే స్పిరిటు వాసన, వేడెక్కిన టేపు వాసన, పక్క హోటల్లోంచి ఉగ్గాని పోపు వాసన కలిసి అక్కడ ఒకటే వాసనగా ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఇంజెక్షన్ వేసే ముందు స్పిరిటు దూదితో రుద్దితే నాకు ఆకలవుతుంది. బల్ల పక్కన మేకుకు పురికొసతో ఒక పొడుగాటి నోటుపుస్తకం వేలాడేది. జనం తమకు కావలసిన పాటల జాబితా అందులో రాసి పోయేవాళ్లు. పెళ్లికి పన్నెండు, తిరనాళ్లకు ఎనిమిది, లారీలో వినడానికి రెండు వైపులా నిండా. అవి ముందు పేజీలు. వెనక పేజీలు మావి.

మస్తానన్న ఖాళీ క్యాసెట్లు కొనేవాడు కాదు. మద్రాసులో హార్బరు దగ్గర ఫారిన్‌వాళ్లు వాడి పారేసిన క్యాసెట్లు మూటల్లో దొరికేవి. తాడిపత్రి నుంచి బండలేసుకుని పోయే లారీ డ్రైవర్ల చేత ఆ మూటలు తెప్పించేవాడు. వాటిమీద ఏముందో ఆయనకు అక్కర్లేదు. టేపు మంచిదా కాదా అని ఒక్క నిమిషం పాడించి చూసి, చెరిపేసి, వాటి మీద భజనలు ఎక్కించేవాడు. అట్లా చూస్తున్న ఒక మధ్యాహ్నం కొట్లోంచి వచ్చిన చప్పుడుకు జాబితా రాస్తున్న పెళ్లివాళ్లు కలాలు పెట్టేసి రోడ్డు మీదికి వెళ్లిపోయారు. మేం ముగ్గురం మాత్రం లోపలికి వచ్చాం. నేను, ధర్మవరం కుళ్లాయప్ప, తాడిపత్రి ఓబులేసు. కుళ్లాయప్ప వాళ్లు పట్టు నేసేవాళ్లు. వాళ్ల అక్కను పామిడిలో ఇచ్చినందువల్ల వచ్చిపోతుండేవాడు. ఓబులేసు బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని చేసేవాడు, లారీలవాళ్లు తెచ్చిన మూటలు పామిడికి చేర్చేది అతనే. ఆ మిషన్ల రొదకు చెవులు సగం పోయాయి. జీవితంలో తనకు పూర్తిగా వినిపించిన మొదటి సంగీతం ఇదేనన్నాడు.

అట్టమీద బ్యాండు పేరు ఉంది గానీ చదవడానికి వీలయ్యేది కాదు. ఆ అక్షరాలు చేను చుట్టూ వేసిన తుమ్మకంప లాగా ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉండేవి. అందుకని మేం దాన్ని కంప బ్యాండు అన్నాం. అసలు పేరు చాలా ఏళ్లకు తెలిసింది. మంచి పేరే, కానీ దానితో నాకు చనువు లేదు, ఇక్కడ రాయను. ఇట్లాంటి సంగీతాన్ని థ్రాష్ మెటల్ అంటారని కాలేజీ లైబ్రరీలో ఒక ఇంగ్లిషు పత్రికలో చదివి మిగతా ఇద్దరికీ నేనే చెప్పాను. గిటార్లు కోస్తుంటాయి, డ్రమ్ములు తరుముతుంటాయి, పాడేవాడు ఎవరితోనో గట్టు తగాదాలో ఉన్నట్టు అరుస్తుంటాడు. ఆ మూటలో కంప బ్యాండువి మూడు క్యాసెట్లు దొరికాయి. అట్టల మీది బొమ్మలను బట్టి వాటికి పుర్రె, గుంత, జడ్జి అని పేర్లు పెట్టుకున్నాం. చెరిపేసే ముందు ఒక్కొక్కదానికి ఒక కాపీ తీసి ఇమ్మని మస్తానన్నను బతిమాలితే ఒప్పుకున్నాడు. పుర్రె, జడ్జి ఒకే రోజు కాపీ అయ్యాయి. గుంత వంతు మూడు వారాల తర్వాత గానీ రాలేదు. అది కాగానే అసలు క్యాసెట్టు మీద భజన ఎక్కి, అది ఉరవకొండ వైపు వెళ్లిపోయింది.

కాపీలు వంతులవారీగా ఇళ్లకు తీసుకుపోయేవాళ్లం. తిరిగి ఇచ్చేటప్పుడు టేపు ఎట్లా ఉందో వెనక పేజీలో రాయమన్నాడు మస్తానన్న. ఆయన అడిగింది టేపు గురించి. మేం రాసింది పాటల గురించి. విన్నాకే రాయాలని ఒక నియమం కూడా పెట్టుకున్నాం. ఓబులేసు అభిప్రాయాలు పొదుపుగా ఉండేవి. 'పుర్రె బాగుంది. గుంత బాగుంది. జడ్జి బాగుంది, సౌండు ఇంకా పెంచవచ్చు.' కుళ్లాయప్పది మగ్గం మీద పెరిగిన చెవి. పుర్రెలో ఐదో పాట దగ్గర డ్రమ్ములాయన ఒక పోగు వదిలేశాడని, తర్వాత అతికించుకున్నాడు గానీ ముడి తెలుస్తోందని రాశాడు. మేం పదిసార్లు వెనక్కి తిప్పి విన్నాం. ముడి తెలిసింది. ఇక నా సంగతి. గుంత మీద నేను నాలుగు పేజీలు రాశాను. పుర్రెలోనూ జడ్జిలోనూ పరుగెత్తే బ్యాండు మధ్యలో వచ్చిన గుంతలో మాత్రం నిదానంగా, బరువుగా వాయించింది. గొంతు కూడా దిగిపోయి ఉంది. ఇది కోపం దాటి దుఃఖంలో పడ్డ మనుషుల పాట అని, వాళ్లకు ఎవరో దగ్గరివాళ్లు పోయి ఉంటారని, వాళ్ల దేశంలోనూ వరసగా వానలు లేకపోయి ఉండవచ్చని, లోకంలోని థ్రాష్ మెటల్‌లో ఇంతటి గాంభీర్యం మరొకటి లేదని తేల్చాను. అప్పటికి లోకంలోని థ్రాష్ మెటల్‌లో నేను విన్నవి ఆ మూడు క్యాసెట్లే.

ఇంట్లో టేప్ రికార్డరు వసారాలో ఉండేది. కరెంటును నమ్ముకోకుండా కొత్త బ్యాటరీలు వేసి వినేవాణ్ణి. మా ఇంటి కాలమంతా బోరు మోటర్లకిచ్చే త్రీఫేసు కరెంటును బట్టి నడిచేది. ఒక వారం పగలు ఇచ్చేవాళ్లు, ఒక వారం రాత్రి ఇచ్చేవాళ్లు. అది ఎప్పుడొస్తే అప్పుడు నాయన సంగటి ముద్ద సగంలో వదిలేసి బోరు దగ్గరికి పోయేవాడు. అమ్మ ఆ ముద్ద మీద మూత పెట్టి, శనక్కాయల ఊరిబిండి పక్కన జరిపి, తన పనిలో పడేది. నాయన తిరిగొచ్చేసరికి ఆయన చేతులకు గ్రీజు వాసన, స్టార్టరు కాయిలు కాలిన వాసన. అది ఎంత కడుక్కున్నా పోయేది కాదు, సంగటికి కూడా అంటేది. మోటరు చప్పుడు వినడంలో ఆయన్ను మించినవాళ్లు చుట్టుపక్కల లేరు. మంచం మీద పడుకుని ఏ చేనిలో మోటరు లాగుతోందో, ఏది మూలుగుతోందో, ఎవరిది ఇంకో రెండు రోజుల్లో కాలిపోతుందో చెప్పేవాడు. చెప్పినట్టే కాలిపోయేవి కూడా. ఒక సాయంత్రం నేను గుంత పెట్టుకుని కళ్లు మూసుకుని ఆ దుఃఖంలో ఉన్నాను. నాయన కాళ్లు కడుక్కుంటూ కాసేపు ఆగి విన్నాడు.

"రేయ్, ఆ పాడేటోనికి ఓల్టేజి చాల్లేదురా," అని లోపలికి పోయాడు.

మరుసటి వారం ఆ మాటను నోటుపుస్తకంలో ఎక్కించాను. 'మా నాయన అభిప్రాయం: పాడేవాడికి ఓల్టేజి చాలదు.' ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం. మస్తానన్న నవ్వలేదు. ఆయనకు హాస్యం తక్కువ అనుకున్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలకు కుళ్లాయప్ప వాళ్ల నాయనతో చీరలు తీసుకుని బెంగళూరు పోయాడు. అక్కడ ఫుట్‌పాత్ మీద పాత క్యాసెట్ల కుప్పలో గుంత బొమ్మ కనబడింది. కొనుక్కొచ్చి, విని, నేరుగా పామిడికి వచ్చి రాశాడు. 'గుంత. మూడింట్లోకి ఇదే జోరు. మగ్గం మీద చెయ్యి నిలవనంత వేగం. మన దగ్గరున్న కాపీ సరిగ్గా లేదనిపిస్తోంది.' అది నేను కొట్లో నిలబడే చదివాను. నా నాలుగు పేజీలు దానికి కాస్త ముందే ఉన్నాయి. కలం తీసి అతని అభిప్రాయం మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, కింద 'అబద్ధం. వినకుండా రాసినది' అని రాశాను. కుళ్లాయప్ప నా పక్కనే ఉన్నాడు. జేబులోంచి క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ రోజు పొద్దుటినుంచి పామిడిలో కరెంటు లేదు.

"కరెంటు వచ్చేదాకా ఉండు రామాంజీ. ఇద్దరం విందాం," అన్నాడు.

"వినే పని లే. బెంగళూరులో అన్నీ దొంగ క్యాసెట్లే."

"ఒక్క పాట విని చెప్పప్పా."

"నాకు బస్సుకు టైమయింది," అన్నాను.

బస్సుకు ఇంకా గంట పైనే ఉంది. ఆ గంటా నేను బస్టాండులో నిలబడ్డాను. అతనిది దొంగ క్యాసెట్టని నేనేమీ నమ్మలేదు. వింటే నమ్మాల్సి వస్తుందని భయపడ్డాను, అంతే. కుళ్లాయప్ప అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ సంగతి నాకంటే తెలిసినవాళ్లు లేరు. నాలుగు పేజీలు కాపాడుకోవడానికి అటువంటివాణ్ణి నలుగురూ చదివే పుస్తకంలో అబద్ధాలకోరును చేశాను. ఆ వారం మా చేనిలో శనక్కాయలు పీకడం మొదలైంది. నెల రోజులు ఊరు కదల్లేదు. ఆ తర్వాత పరీక్షలొచ్చాయి. మళ్లీ పామిడి పోయినప్పుడు కుళ్లాయప్ప ఈమధ్య రావడంలేదని, వాళ్ల అక్కవాళ్లు హిందూపురం మారిపోయారని తెలిసింది. నోటుపుస్తకం మేకుకు అట్లాగే వేలాడుతోంది. నేను వెనక పేజీలు తెరవలేదు. తెరిస్తే నా చేతిరాత కనబడుతుంది.

కొన్నేళ్లకు నేను అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నప్పుడు ఊళ్లో నెట్ సెంటర్లు వచ్చాయి. ఒక ఆదివారం కూర్చుని, కాపీలతో పాటు నా దగ్గరే మిగిలిపోయిన అట్టల మీద చదవగలిగిన పాటల పేర్లు కొట్టి వెతికితే కంప బ్యాండు దొరికింది. వేరే వేరే దేశాలవాళ్లు ఆ మూడు ఆల్బముల మీద అభిప్రాయాలు రాసుకునే పేజీ ఒకటి ఉంది. లోకమంతా కలిపి ముప్పైమందికి మించి లేరు. మేం ముగ్గురం కాకుండా ఇంకో ముప్పైమంది ఉన్నారని చాలా సంతోషపడ్డాను. తర్వాత చదివాను. పుర్రె పచ్చిది, జడ్జి డబ్బుకోసం చేసినది, గుంత ఒక్కటే నిప్పు అని, ఆ వేగాన్ని ఆ బ్యాండు కూడా మళ్లీ అందుకోలేకపోయిందని అందరిదీ ఒకటే మాట. నేను వెంటనే నాకొచ్చిన ఇంగ్లిషులో, మీరెవరూ గుంతను శ్రద్ధగా వినలేదని, అది దుఃఖంతో నిదానించిన సంగీతమని పెద్ద జవాబు రాశాను. వారం తర్వాత చూస్తే ఒకాయన చాలా మర్యాదగా నా టేప్ రికార్డరు ఆరోగ్యం అడిగాడు. కొత్త బ్యాటరీలని చెప్పాను. ఇంకొకాయన మొత్తం ముప్పై నాలుగు నిమిషాలు రావాలి, చూసుకోమన్నాడు. గడియారం పెట్టి చూశాను. దాదాపు ముప్పై ఎనిమిది వచ్చింది. రెండోసారి చూసినా అంతే వచ్చింది.

పామిడి పోయి మస్తానన్నను అడిగాను. అప్పటికి ఆయన సీడీలకు మారాడు. ఏమీ తడుముకోకుండా చెప్పాడు.

"కాపీ తీసే మిషన్లు రెండు గదప్పా, స్టెబిలైజరు ఒకటే ఉండె. రికార్డు చేసేది కొత్తది గదా అని దానికి పెట్టినా. పాడేది పాతది, దాన్ని నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టినా. ఆ వారం పగలు త్రీఫేసు. మీ రైతులందురూ మోటర్లేస్తే ఈడ ఫ్యాను గూడా తిరగదు. పాడేది నిదానంగా తిరిగింటాది, రికార్డు చేసేది సక్కంగా తిరిగింటాది."

"అప్పుడే చెప్పచ్చు గదన్నా?"

"నువ్వు శానా బాగుండాదని నాలుగు పేజీలు రాసినావు. బాగుండాదన్నోనికి నేనేం చెప్పేది?"

పుర్రె, జడ్జి రాత్రి కరెంటు వారంలో, పగలు కాపీ అయ్యాయి కాబట్టి బాగానే వచ్చాయి. నేను గంభీరమైన దుఃఖం అనుకున్నది మా చుట్టుపక్కల ఊళ్ల బోరు మోటర్లన్నీ కలిసి తయారుచేసింది. అందులో మా నాయనది కూడా ఒకటి. ఇంటికి వెళ్లాక, అప్పుడు నువ్వు చెప్పిందే నిజం, ఆ పాడేవాడికి ఓల్టేజి తక్కువేనని నాయనతో చెప్పాను. ఆయన స్టార్టరు విప్పి పెట్టుకుని ఉన్నాడు. తలెత్తకుండా, "ఇప్పుడెట్లుండాది ఆయప్పకు?" అని అడిగాడు. బాగున్నాడని చెప్పాను. మంచిదన్నాడు. ఆ బోరు రెండేళ్లకు ఎండిపోయింది. ఇంకో మూడు వేయించాం. అవీ ఎండిపోయాయి. నాయన పోయేనాటికి ఆ చేనిలో వినడానికి ఏ మోటరూ లేదు. చివరి రోజుల్లో మంచం మీద పడుకుని పక్క ఊళ్ల వైపు చెవి పెట్టి ఉండేవాడు.

మన కాపీయే తప్పన్న సంగతి నిజంగా చెప్పాల్సింది కుళ్లాయప్పకు. ఆ రోజే తెలుసు నాకు. ధర్మవరం మా ఊరి నుంచి రెండు బస్సులు మారితే వచ్చేస్తుంది. అయినా పోలేదు. పెళ్లయ్యాక పోదామనుకున్నాను, ఉద్యోగం కుదుటపడ్డాక అనుకున్నాను, తర్వాత తర్వాత ఇంత ఆలస్యంగా పోయి ఏం చెబుతాం అనుకున్నాను. తప్పు ఒప్పుకోవడం అప్పటికప్పుడు చేస్తే ఒక పని. వాయిదా వేసేకొద్దీ అది ఊరేగింపు అవుతుంది, పదిమందినీ మేళాన్నీ పిలవాలనిపిస్తుంది. ఈ మధ్యలో లోకం మారింది. ఇప్పుడు మూడు ఆల్బములూ నా ఫోన్లో ఉన్నాయి, ఉండాల్సిన వేగంతో. అభిప్రాయాల పేజీలు వందలున్నాయి. రాసేవాడు విన్నాడా లేదా అని ఎవరూ అడగరు. విన్నాకే రాయాలన్న నియమం మా మేకుకు వేలాడిన పుస్తకంతోనే పోయిందనుకుంటాను. దాన్ని మొదట తప్పింది కూడా నేనే. సరైన వేగంలో ఉన్న గుంతను చాలాసార్లు విన్నాను. ముప్పైమంది చెప్పింది నిజమే, నిప్పే. కానీ నాకు ఇష్టం మాత్రం ఓల్టేజి చాలనిదే.

మస్తానన్న కొట్లో అరలన్నీ ఊడబీకేసి ఉన్నాయి. నోటుపుస్తకం దుమ్ము దులిపి ఇచ్చాడు. అక్కడే స్టూలు మీద కూర్చుని వెనక పేజీలు తెరిచాను. నా నాలుగు పేజీలు, మా నాయన అభిప్రాయం, దాని తర్వాత నా రెండు గీతలు, 'అబద్ధం' అన్న మాట. దాని కింద ఖాళీ ఉంటుందనుకున్నాను. ఖాళీ లేదు. కుళ్లాయప్ప చేతిరాత ఉంది.

'మస్తానన్న దగ్గరున్న గుంత మళ్లీ విన్నాను. నిదానంగానే ఉంది. రామాంజి రాసింది అబద్ధం కాదు. నేను రాసిందీ కాదు. రెండూ పక్కపక్కన పెట్టి వినాలి. ఈరోజు నాది తెచ్చాను. రామాంజి రాలేదు.'

దాని కింద వేరే సిరాతో, 'ఈరోజు కూడా తెచ్చాను. కరెంటు ఉంది. రాలేదు.'

దాని కింద ఒక్క మాట. 'తెచ్చాను.'

నేను శనక్కాయలు పీకుతున్న నెలలో అతను మూడుసార్లు ధర్మవరం నుంచి వచ్చాడు. ఇన్నేళ్లూ అది అక్కడే ఉంది, నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో. నాకు ఏడుపొచ్చింది. మస్తానన్న అటు తిరిగి మేకులు పీకుతూ ఉన్నాడు. ఒక్కసారైనా నాకు చెప్పలేదేమన్నా అని అడిగితే, పుస్తకంలో రాసినాడు గదా, చదువుకునింటావనుకుంటి అన్నాడు. కుళ్లాయప్ప ధర్మవరంలోనే ఉన్నాడని, అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడని చెప్పి అడ్రసు రాసిచ్చాడు. ఇంటికి వెళ్లి గుంత కాపీ తీసుకుని, మరుసటి రోజు పొద్దున్నే ధర్మవరం బయలుదేరాను.

కుళ్లాయప్ప ఇంటి ముందు గదిలో చీరల అంగడి, వెనక మరమగ్గాలు. జుట్టు తెల్లబడింది, మనిషి అట్లాగే ఉన్నాడు. నన్ను చూసి మస్తానన్న కొట్టు ఖాళీ చేసేసినాడంట గదా అన్నాడు, నిన్న విడిపోయినట్టు. మంచినీళ్లు ఇచ్చాడు. నేను పుస్తకం తీసి చీరలు మడిచే పరుపు మీద పెట్టి, ఆ పేజీ తెరిచాను.

"ఇవి నేను నిన్న చదివినా కుళ్లాయీ. తప్పు చేసినా. శానా పెద్ద తప్పు," అని కలం మూత తీసి 'అబద్ధం' అన్న మాట దగ్గర పెట్టాను.

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "మళ్లా కొట్టేస్తాండావా? విన్నాక రాయల్ల గదప్పా."

లోపలికి పోయి ఒక పాత టేప్ రికార్డరు, గుంత బొమ్మ అట్టతో ఒక క్యాసెట్టు తెచ్చాడు. అట్ట మూలలు అరిగిపోయి, టేపు అంటించి ఉన్నాయి. నాది తీసి దాని పక్కన పెట్టాను. ప్లగ్గు పెట్టాడు, ఎర్ర దీపం వెలిగింది. ముందు ఎవరిది అని అడుగుతుండగా దీపం ఆరింది. వెనక మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోయాయి.

కుళ్లాయప్ప ప్లగ్గు వైపు చూసి, తర్వాత నా సంచి వైపు చూశాడు. "ఇంగ ఎప్పుడొస్తాదో చెప్పలేం. నీకు బస్సుకు టైమవుతాదేమో."

"కాలేదు," అన్నాను. "కరెంటు వచ్చేదాకా ఉంటా."